రసాయనశాస్త్ర బోధనలో హాస్యచిత్ర గ్రంథాలు: నవ్వుకూ భావనకూ గల సంబంధం

వ్యాససంగ్రహం: రసాయనశాస్త్రాన్ని హాస్యచిత్రాల ద్వారా వివరించే గ్రంథాలు ఇంగ్లీషు, జపనీస్ భాషల్లో వచ్చాయి. చిత్రంలోని నవ్వు ఎప్పుడు పాఠంగా మారుతుంది, ఎప్పుడు పాఠానికి అడ్డుపడుతుంది అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అటువంటి గ్రంథం తెలుగులో రావాలంటే అనువాదం చాలదనీ, తెలుగు పారిభాషిక పదాలలోనే అందుకు తగిన హాస్యసామగ్రి ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హాస్యం, వికృతి, హాస్యచిత్రాలు, రసాయనశాస్త్రం, పారిభాషిక పదాలు, ఆమ్లజని.

1. ప్రవేశిక

ఉప్పు నీటిలో కరగడాన్ని విద్యార్థి కంటితో చూస్తాడు. సోడియం, క్లోరైడ్ అయాన్లు విడివడి నీటి అణువుల మధ్యకు చేరడాన్ని మాత్రం ఊహించుకోవాలి. అదే మార్పును సంకేతాలతో సమీకరణంగా రాయాలి. స్థూల, సూక్ష్మ, సంకేత స్థాయిలనే ఈ మూడింటి మధ్య ఏకకాలంలో సంచరించవలసి రావడం వల్లనే రసాయనశాస్త్రం కష్టమనిపిస్తుందని అలెక్స్ జాన్‌స్టన్ 1991లో వివరించారు. గ్లాసును, అయాన్లను, సమీకరణాన్ని ఒకే పేజీలో పక్కపక్కన నిలపగలగడం బొమ్మల పుస్తకానికి ఉన్న సహజమైన బలం. అయితే ఆ బొమ్మ నవ్వించవలసిన అవసరమేమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

2. రెండు గ్రంథాలు

కార్టూనిస్టు ల్యారీ గోనిక్, ఆచార్యుడు క్రెయిగ్ క్రిడిల్ కలిసి రూపొందించిన ‘ది కార్టూన్ గైడ్ టు కెమిస్ట్రీ’ 2005లో వెలువడింది. రసాయన బంధాలు, చర్యావేగం, ఆమ్లక్షారాలు, ఉష్ణగతికశాస్త్రం, విద్యుత్ రసాయనశాస్త్రం వంటి కళాశాల స్థాయి అంశాలన్నీ ఇందులో ఉన్నాయి. నవ్వించడం కోసం లెక్కలను వదిలివేయకపోవడం దీని విశిష్టత.

జపాన్‌కు చెందిన చిత్రకారుడు బుంపేయి యోరిఫుజి పుస్తకం 2009లో జపనీస్‌లో, 2012లో ‘వండర్‌ఫుల్ లైఫ్ విత్ ది ఎలిమెంట్స్’ పేరుతో ఇంగ్లీషులో వచ్చింది. ఇందులో ప్రతి మూలకమూ ఒక పాత్ర. జుట్టు తీరు ఆ మూలకపు కుటుంబాన్ని, ఒంటి లావు పరమాణు భారాన్ని, దుస్తులు ఉపయోగాన్ని తెలుపుతాయి. గడ్డం ఉంటే ఆ మూలకాన్ని కనుగొని చాలాకాలమైందని అర్థం. నడుము కింది భాగం ఘన, ద్రవ, వాయు స్థితులను సూచిస్తుంది.

3. వికృతి – నియమం

వికృతమైన ఆకారం, వేషం, మాట, చేష్టల నుండి హాస్యం పుడుతుందని నాట్యశాస్త్రం చెబుతుంది. యోరిఫుజి పాత్రలు కూడా వికృతాకారాలే. కాని ఆ వికృతి యాదృచ్ఛికం కాదు, నియమబద్ధం. సాధారణ పరిస్థితుల్లో ద్రవరూపంలో ఉండే మూలకాలు పాదరసం, బ్రోమిన్ రెండే. కనుక అంతమంది నడుమ ఆ ఇద్దరి ఒంటితీరు వేరుగా ఉంటుంది. పాఠకుడు ఎందుకు నవ్వాడో అదే అతడు నేర్చుకోవలసిన విషయం. నవ్వుకు కీలకమైనదే భావనకూ కీలకం కావడమంటే ఇదే.

ఈ రెండూ వేరైనప్పుడు హాస్యం అలంకారంగా మిగిలిపోతుంది. పాఠంతో సంబంధం లేని ఆసక్తికర వివరాలు అభ్యసనాన్ని దెబ్బతీయగలవని రిచర్డ్ మేయర్ పరిశోధనలు చూపాయి. పాఠం పక్కన అతికించిన జోక్ ఈ కోవలోకే వస్తుంది.

4. నవ్వు దారితప్పే చోటు

అలంకారం కన్నా పెద్ద ప్రమాదం తప్పుడు భావన. సోడియం నవ్వుతూ తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు బహూకరించినట్లు గీసిన బొమ్మలు మనకు పరిచితమే. పరమాణువులు ‘కోరుకుంటాయి’, ‘ఇస్తాయి’, ‘సంతోషిస్తాయి’ అనే మానవీకరణ విద్యార్థుల వివరణల్లో ఎలా స్థిరపడుతుందో కీత్ టేబర్, మైక్ వాట్స్ 1996లోనే చర్చించారు.

వాస్తవం వేరు. వాయుస్థితిలోని సోడియం పరమాణువుల నుండి ఎలక్ట్రాన్‌ను విడదీయడానికి మోల్‌కు సుమారు 496 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. ఆ ఎలక్ట్రాన్‌ను స్వీకరించిన క్లోరిన్ నుండి వెలువడేది సుమారు 349 కిలోజౌళ్లే. ఇంకా 147 లోటు. అయాన్లు స్ఫటికంగా అమరినప్పుడు విడుదలయ్యే సుమారు 787 కిలోజౌళ్లు ఆ లోటును తీరుస్తాయి. అంటే ఇది దానం కాదు, బేరం. సోడియం ఎలక్ట్రాన్‌ను పట్టుకొని వదలకుండా బేరమాడుతుంటే, వెనుక స్ఫటికం డబ్బుల సంచితో నిలబడిన బొమ్మను ఊహించవచ్చు. ఇదీ మానవీకరణమే. కాని ఇందులోని హాస్యం శక్తి లెక్కను దాచదు, ఎత్తిచూపుతుంది.

5. తెలుగు పదాల్లోని హాస్యసామగ్రి

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి విజ్ఞానశాస్త్ర పాఠ్యగ్రంథాలను తెలుగులో అందించింది. వేమూరి వేంకటేశ్వరరావు ‘రసగంధాయ రసాయనం’ వంటి రచనలు సామాన్య పాఠకునికి ఈ శాస్త్రాన్ని చేరువ చేశాయి. కళాశాల స్థాయి హాస్యచిత్ర గ్రంథానికి అనువాదమే మార్గమని తోచవచ్చు. కాని ఇంగ్లీషు శ్లేష తెలుగులో నిలవదు. నిలపవలసిన అవసరమూ లేదు.

‘ఆమ్లజని’ అనే పదాన్ని చూడండి. ఆమ్లాలన్నిటిలోనూ ఆక్సిజన్ ఉంటుందని భావించి, ఆమ్లాన్ని పుట్టించేది అనే అర్థంలో లవోయిజర్ గ్రీకు మూలాలతో ఆ పేరు కట్టారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ తేల్చారు. పొరపాటు తేలినా పేరు నిలిచింది. తెలుగు పదం ఆ పొరపాటును కూడా అనువదించుకుంది. నీటిలో ఆమ్లగుణాన్ని కలిగించేవి హైడ్రోజన్ అయాన్లు, అంటే పేరులో నీటిని మాత్రమే మోసే ఉదజని. ఆమ్లశాల గుమ్మంలో ఆమ్లజని బిరుదుతో కూర్చుని ఉండగా, లోపల పని అంతా ఉదజని చేస్తున్న ఒక్క బొమ్మ చాలు. ఆమ్ల నిర్వచనమూ, శాస్త్రచరిత్రా అందులో ఇమిడిపోతాయి. గ్రీకు తెలియని ఇంగ్లీషు పాఠకునికి ‘ఆక్సిజన్’లోని ఈ హాస్యం వెంటనే తోచదు. తెలుగు పాఠకునికి పదం విడదీస్తే చాలు.

6. ముగింపు

హాస్యచిత్రం పాఠానికి చక్కెరపూత కాదు. నవ్వు పుట్టే బిందువూ భావన స్పష్టమయ్యే బిందువూ ఒకటైనప్పుడే అది బోధన అవుతుంది. ఆ బిందువును గుర్తించడానికి రసాయనశాస్త్ర అధ్యాపకుని లెక్క, చిత్రకారుని గీత, తెలుగు అధ్యాపకుని పదజ్ఞానం మూడూ కావాలి. పారిభాషిక పదాల నిష్పన్నార్థాలపై తెలుగు శాఖల్లో సాగే పరిశోధన ఇటువంటి గ్రంథానికి ముడిసరుకు కాగలదు. మన కళాశాలల్లో ఈ రెండు శాఖలూ ఒకే భవనంలో ఉంటాయి. అవి ఒకే పుస్తకంలో కలవవలసి ఉంది.