వందకు వంద వచ్చింది సరే, బడిలో ఎందరున్నారు?

జూన్‌లో బడులు తెరిచే వేళ గేటు మీద బ్యానర్లు కడతారు. ‘నూరు శాతం ఉత్తీర్ణత’ అని పెద్ద అక్షరాలు ఉంటాయి. కడంబత్తూరు రైల్వే స్టేషన్‌లో దిగి ఊళ్లోకి నడిచినా, తిరుత్తణి కొండ కింది వీధుల్లో తిరిగినా ఇవే కనబడతాయి. తెలుగు మాధ్యమం బడి కూడా ఆ బ్యానర్ కడితే మనకు సంతోషమే. కానీ మేము ఈసారి తల్లిదండ్రులను, అయ్యవార్లను ఒక మాట అడగదలచాం. ఆ నూరు శాతం వెనక ఉన్న పిల్లలు ఎందరు? ఏ ఇళ్ల నుంచి వచ్చారు?

తరగతిలో ఎనిమిది మందే ఉంటే, ఒక్కరు తప్పినా ఉత్తీర్ణత 87.5 శాతానికి దిగిపోతుంది. నలభై మంది ఉన్న పక్క బడిలో ఒక్కరు తప్పితే 97.5 దగ్గర ఆగుతుంది. రెండు బడుల్లోనూ అయ్యవార్లు ఒకేలా కష్టపడి ఉండవచ్చు, అయినా కాగితం మీద ఒకటి వెనకబడిన బడి అవుతుంది. మరుసటి ఏడాది ఆ ఎనిమిది మందీ గట్టెక్కితే అదే బడి ‘ఆదర్శ పాఠశాల’. పిల్లలు తక్కువగా ఉన్న మన బడులను ఒక్క ఏడాది శాతంతో తూచడం అన్యాయం. మూడు నాలుగేళ్లు కలిపి చూస్తే గాని నిజం తెలియదు.

మిడిల్ స్కూల్‌లో ఇంకో చిక్కు ఉంది. తమిళనాడులో ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ నిలపరు. అందరూ పాసే కాబట్టి ఆ బడుల ఉత్తీర్ణత శాతం మనకు ఏమీ చెప్పదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఏడో తరగతి పిల్ల తెలుగు పాఠం తడబడకుండా చదువుతోందా, భిన్నాల లెక్క సొంతంగా చేస్తోందా, నెలలో ఎన్ని రోజులు బడికి వచ్చింది, ఎనిమిది అయ్యాక తొమ్మిదిలో ఎక్కడ చేరింది? చివరి ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకునే బడులు తక్కువ.

ఇక పిల్లలు ఎవరన్న సంగతి. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షలకు పైగా, అంటే 5.87 శాతం. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోని తాలూకా. సరిహద్దు మార్పుల చట్టంతో పళ్ళిపట్టుతో పాటు మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. గీత మారింది గాని ఇళ్లలో మాట మారలేదు. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలందరూ తెలుగు బడిలో లేరు. స్థోమత ఉన్నవాళ్లు ఆంగ్ల మాధ్యమానికి వెళ్లిపోయారు. మిగిలినవారిలో కూలి ఇళ్ల పిల్లలు, చదువుకున్న మొదటి తరం పిల్లలు ఎక్కువ. సాయంత్రం ఇంట్లో పాఠం చెప్పేవారు లేని ఆ పిల్లల మార్కులను ట్యూషన్ పిల్లల మార్కుల పక్కన పెట్టి బడికి తీర్పు చెప్పడం ఎలా?

అమెరికాలోనూ ఈ గొడవే. ప్రభుత్వ సొమ్ముతో, సొంత యాజమాన్యంలో నడిచే చార్టర్ బడులకు 1991లో మిన్నెసోటా మొదట చట్టం చేసింది. మన ఎయిడెడ్ బడులకు దూరపు చుట్టాల్లాంటివి. వాటి ఫలితాలు బాగున్నాయంటే, శ్రద్ధ ఉన్న తల్లిదండ్రుల పిల్లలే చేరారు గనుక అన్నారు కొందరు. అందుకని పరిశోధకులు సీట్ల కోసం చీటీలు తీసిన బడులను ఎంచుకుని, చీటీ వచ్చిన పిల్లలనూ రాని పిల్లలనూ పోల్చారు. ఇద్దరి తల్లిదండ్రులూ దరఖాస్తు పెట్టినవారే కాబట్టి తేడా బడిదే అని కొంత నమ్మకంగా చెప్పవచ్చు. మన బడుల్లో సీటుకు చీటీలు తీసే రోజులు ఇప్పట్లో రావు లెండి.

మన దగ్గర పిల్లలు జారిపోయేది ఆరో తరగతి గుమ్మంలో. రాజ్యాంగం 350ఎ అధికరణం మాతృభాషలో బోధనకు వసతి కల్పించమన్నది ప్రాథమిక దశకే. పదిమంది ఉంటే తరగతికి, నలభై మంది ఉంటే బడికి ఒక అయ్యవారిని వేయాలన్న 1949 నాటి విద్యామంత్రుల తీర్మానమూ ఆ దశకు చెందినదే. ఆరు నుంచి ఆ రక్షణ పలచబడుతుంది, భారం పెరుగుతుంది. 2006 చట్టం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక మెట్టు ఎక్కుతూ తమిళాన్ని తప్పనిసరి చేసింది, 2015-16లో పదో తరగతికి చేరింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏడాదికి పదో తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. ఏటా కోర్టు వైపు చూస్తూ పిల్లను చదివించడం ఎవరికి ఇష్టం? ఉద్యోగాల్లో తమిళ మాధ్యమం వారికి 20 శాతం ప్రాధాన్యం ఉంది, 2020 సవరణతో అది మొదటి నుంచీ తమిళంలో చదివినవారికే. ఆ లెక్క వేసుకుని పిల్లను తమిళ మాధ్యమానికి మార్చే తండ్రిని మేము తప్పు పట్టలేం.

కానీ ఆంగ్ల ప్రైవేటు బడికి మార్చేవారు ఇంకో లెక్క మరిచిపోతున్నారు. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివినవారికి వైద్య సీట్లలో 7.5 శాతం కోటా 2020 నుంచి ఉంది. అలా చదివి పైచదువుకు వెళ్లే ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలిచ్చే పుదుమైప్పెణ్ 2022లో మొదలైంది. ఆరో తరగతిలో టీసీ తీసుకునే ముందు ఈ సంగతి ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి. ఎయిడెడ్ బడి ప్రభుత్వ బడి కాదు, 7.5 శాతం కోటా దానికి వర్తించదు. ఈ తేడా తెలియక మోసపోయామనుకునేవారు ఉన్నారు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా గణితం-సైన్సుకు ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకు ఒకరు ఉండాలి. పిల్లలు తగ్గితే మొదట కదిలేది ఈ పోస్టులే. సైన్సు అయ్యవారు లేని బడిలో మార్కులు తగ్గుతాయి, మార్కులు తగ్గాయని ఇంకొందరు వెళ్లిపోతారు. ఈ గుండ్రం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

తల్లిదండ్రుల చేతిలో ఉన్నది ఒకటుంది. ప్రవేశ దరఖాస్తులోనూ ‘ఎమిస్’ రికార్డులోనూ మాతృభాష గడి ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే, ఎందుకొచ్చిన గొడవ అని అక్కడ తమిళం రాయించేవారు మన మధ్యనే ఉన్నారు. తెలుగు పిల్లలు ఎందరో అధికారులు చూసేది ఆ గడిలోనే. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. వచ్చే సమావేశంలో ప్రధానోపాధ్యాయులను మూడు కాగితాలు అడగండి: తరగతివారీగా మాతృభాష జాబితా, హాజరు, గత మూడేళ్లలో ఎనిమిది ముగించినవారు ఎక్కడ చేరారన్న వివరం. మూడోది లేదంటే, ఈ ఏడాది పిల్లలతోనే మొదలుపెట్టమనండి.