రాళ్ళను నడిపించే చినుకులు

నున్నటి మంచుగడ్డ మీద బరువైన రాయిని తోస్తే ఎంత దూరం పోతుంది? "ఓ, చాలా దూరం!" అంటారు మీరు. అక్కడే ఉంది చిక్కు.

కర్లింగ్ అనే ఆట ఒకటుంది. కొన్ని వందల ఏళ్ళ క్రితం స్కాట్లండులో, గడ్డకట్టిన చెరువుల మీద పుట్టింది. ఇప్పుడు కెనడాలో దీనికి ఆదరణ ఎక్కువ. 1998లో జపానులోని నాగానోలో జరిగిన పోటీల నుంచి శీతాకాల ఒలింపిక్సులో పతకాల ఆట అయింది. 20 కిలోలకు మించని గ్రానైటు రాయిని సుమారు 45 మీటర్ల మంచు బాట మీద తోసి, అవతలి కొసన గీసిన వలయాల నడుమ ఆగేటట్లు చెయ్యాలి. రాయికి ముందు ఇద్దరు ఆటగాళ్ళు బ్రష్షులతో మంచును రుద్దుతూ పోతారు. టెలివిజనులో మనకు కనబడేది వీళ్ళే. ఆ మంచును తయారుచేసిన మనిషి కనబడడు.

రాయి అడుగుభాగం పళ్ళెంలా లోపలికి గుంటగా ఉంటుంది. అర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ వెడల్పున్న వలయం ఒక్కటే మంచును తాకుతుంది. అద్దంలాంటి మంచు మీద ఆ వలయమంతా అంటుకుని ఘర్షణ పెరుగుతుంది. రాయి సగం దూరం పోవడమే కష్టం!

అందుకని మంచు పనివాడు నీళ్ళ డబ్బాను వీపుకు తగిలించుకుంటాడు. మన రైతులు పైరుకు మందు కొట్టే డబ్బా గుర్తుకు తెచ్చుకోండి, అలాంటిదే. వెనక్కి నడుస్తూ, చెయ్యి ఊపుతూ చినుకులు చల్లుతాడు. అవి పడ్డచోటనే గడ్డకట్టి చిన్న చిన్న బొడిపెలవుతాయి. రాయి వాటి కొసల మీదుగా జారిపోతుంది. చల్లే నీళ్ళు వేడివి. ఎందుకో ఊహించగలరా? వేడి చినుకు కింది మంచును రవ్వంత కరిగించి, దానితో కలిసి గట్టిగా అతుక్కుంటుంది. ఆ నీళ్ళలో లవణాలు కూడా లేకుండా తీసేస్తారు. తర్వాత పదునైన బ్లేడుతో కొసలు కోసి, అన్నిటినీ ఒకే ఎత్తుకు తెస్తారు.

అంతటితో అయిపోలేదు. మంచు ఉపరితలం సుమారు మైనస్ 5 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర నిలకడగా ఉండాలి. వేలమంది జనం లోపలికొచ్చి కూర్చున్నారనుకోండి. ఒక్కొక్కరి ఒంటి నుంచి ఇంచుమించు 100 వాట్ల బల్బంత వేడి వస్తుంది! వాళ్ళ ఊపిరిలోని తేమ మంచు మీద నూగులాగా పేరుకుంటే రాయి వేగం తగ్గిపోతుంది. నాలుగేళ్ళు సాధన చేసిన జట్టు, తన తప్పేమీ లేకుండానే ఓడిపోవచ్చు.

కెనడాకు చెందిన షార్టీ జెంకిన్స్ ఈ పనిలో పేరుమోసిన వ్యక్తి. గులాబీరంగు కౌబాయ్ టోపీ పెట్టుకుని, స్టాపువాచితో రాళ్ళ వేగం కొలుస్తూ మంచును సరిచేసేవారు. 2013లో మరణించారు. ఇలాంటివారి పేర్లు జనానికి తెలియడం అరుదు. డబ్బు పెట్టిన వాళ్ళ సంగతి వేరు! 1927లో మొదలైన కెనడా జాతీయ పోటీకి "బ్రయర్" అన్న పేరు, దాన్ని నడిపిన కంపెనీ అమ్మే పొగాకుది. ఆ కంపెనీ 1979లో తప్పుకున్నా పేరు మాత్రం పోలేదు.

ఇప్పుడు మీకొక పని. స్టీలు గ్లాసును నున్నటి బల్ల మీద బోర్లించి, గడియారం ముళ్ళు తిరిగే వైపు గిర్రున తిప్పుతూ ముందుకు తొయ్యండి. అది ఎడమకు వంగుతుంది. కర్లింగ్ రాయిని అలాగే తిప్పి వదిలితే కుడికి వంగుతుంది! 2013లో స్వీడనులోని ఉప్సలా శాస్త్రజ్ఞులు దీనికొక కారణం సూచించారు. రాయి ముందుభాగం బొడిపెల మీద సన్నని గీతలు గీస్తుందనీ, వెనుకభాగం ఆ గీతల వెంట పక్కకు జరుగుతుందనీ వారన్నారు. ఇతర శాస్త్రజ్ఞులు అందరూ దీన్ని ఒప్పుకోలేదు. వాదన ఇంకా తెగలేదు.