మైక్రోడెర్మాబ్రేషన్: ఏ మచ్చ పోతుంది, ఏ మచ్చ పోదు?

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే పార్లర్లలో ‘స్కిన్ పాలిషింగ్’ ప్యాకేజీలు మొదలవుతాయి. ఆరు సిట్టింగులు తీసుకుంటే మచ్చలన్నీ పోతాయని, రంగు తేలుతారని చెబుతుంటారు. ఈ పాలిషింగ్ పేరుతో చాలాచోట్ల చేసేది మైక్రోడెర్మాబ్రేషనే. డబ్బు కట్టే ముందు అసలు ఇది ఏం చేస్తుందో తెలుసుకోవడం మంచిది.

మన చర్మం మీద అన్నిటికంటే పైన చనిపోయిన కణాల పొర ఒకటి ఉంటుంది. దీని మందం దాదాపు 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు లేదా అంతకు కాస్త ఎక్కువ. కింద పుట్టిన కణాలు పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నెల రోజులు పడుతుంది. వయసు పెరిగే కొద్దీ ఈ పని నెమ్మదిస్తుంది. మృతకణాలు పేరుకుపోయి ముఖం కళ తప్పినట్టు కనిపిస్తుంది. మైక్రోడెర్మాబ్రేషన్ తీసేది ఈ పై పొరనే.

1980లలో ఇటలీలో మొదలైన పద్ధతి ఇది. చిన్న గొట్టం లాంటి పరికరంతో అల్యూమినియం ఆక్సైడ్ రేణువులను చర్మం మీదికి చిమ్ముతారు. అదే గొట్టం రేణువులతో పాటు మృతకణాలను కూడా వెనక్కి పీల్చేస్తుంది. ఇప్పుడు చాలామంది రేణువులు లేకుండా, వజ్రపు పొడి అతికించిన డైమండ్ టిప్‌తో చేస్తున్నారు. అరగంట పని. మత్తు అక్కర్లేదు. పిల్లి నాలుకతో నాకినట్టు గరగరలాడుతుంది, అంతే. డెర్మాబ్రేషన్ అనే ఇంకో చికిత్స ఉంది. అది లోపలి పొర దాకా వెళుతుంది, మానడానికి వారాలు పడుతుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటే అనుకోవద్దు.

ముఖం గరుకుగా ఉండటం, కాంతి తగ్గటం, బ్లాక్‌హెడ్స్, పైపైన ఉన్న తేలికపాటి మచ్చలు, సన్నని గీతలు... వీటికి కొంత ఫలితం కనిపిస్తుంది. మొటిమలు మిగిల్చిన లోతైన గుంటలు మాత్రం పూడవు. గుంట లోపలి పొరలో ఉంటే పై పొర గీకి ఏం లాభం? మంగు మచ్చలదీ అదే కథ. పైగా రాపిడి ఎక్కువైతే మంగు ఇంకా ముదిరే ప్రమాదం ఉంది. చామనఛాయ, నలుపు చర్మానికి ఈ జాగ్రత్త మరీ అవసరం. మన చర్మానికి కాస్త గాయమైనా, మంట పుట్టినా అక్కడ నల్లటి మచ్చ పడిపోతుంది. అది పోవడానికి నెలలు పట్టొచ్చు. మచ్చ కోసం వెళ్లి మచ్చ తెచ్చుకున్నట్టు అవుతుంది. ఇక పుట్టు రంగు మారడం అంటారా, అది ఈ మెషీన్ పని కానే కాదు.

మన దగ్గర ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. ముఖానికి ఇప్పటిదాకా ఏం రాస్తున్నారు? మెడికల్ షాపులో ఇచ్చారనో, చుట్టాలమ్మాయి చెప్పిందనో తెల్లబడటానికి స్టెరాయిడ్ క్రీములు నెలల తరబడి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ట్యూబు మీద బెటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ అని ఉంటే అది స్టెరాయిడే. వాటితో చర్మం పల్చబడిపోతుంది. దాని మీద మెషీన్ పెట్టడం అంటే పుండు మీద గీకడమే. చీము పట్టిన మొటిమలు, ఎగ్జిమా, పులిపిర్లు ఉన్నా ఆగాలి. పెదవుల దగ్గర తరచూ జ్వరపు పొక్కులు వచ్చేవాళ్లు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు, ఈమధ్యే ఆపినవాళ్లు సంగతి దాచకుండా స్కిన్ డాక్టర్‌కు చెప్పాలి. మొహమాటపడి దాస్తే నష్టం మీకే.

చేయించుకునే చోట టిప్ కొత్తదా, స్టెరిలైజ్ చేసిందా అని అడగండి. రేణువులు వాడితే కళ్లు కచ్చితంగా మూయాలి. తర్వాత కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు, ముఖం ఎర్రగా ఉంటుంది. మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయాలి. కొన్ని రోజులు ఆవిరి, బ్లీచ్, స్క్రబ్, నిమ్మరసం జోలికి పోవద్దు.

పెళ్లి కూతుళ్లకు ఒక మాట. మాంఝా, నలుగు వారంలో ఇది పెట్టుకోవద్దు. ఆరిన ఉబటన్‌ను, సున్నిపిండిని నలిచి తీయడం కూడా రాపిడే. అప్పుడే గీకిన చర్మం మీద అది మంట పుట్టిస్తుంది. మొదటి సిట్టింగ్ పెళ్లికి రెండు మూడు నెలల ముందే తీసుకుంటే, చర్మానికి పడిందో లేదో తెలుస్తుంది. పడకపోతే మానడానికి టైం కూడా మిగులుతుంది.