పసుపు గీతల పాము కట్లపాము కాదండీ

వేసవంతా నేల పగుళ్ళలో దాక్కుని, వానలు పడగానే మన చోడవరం మడిగట్ల మీదకి వచ్చే ఈ చిన్న పాముని చాలామంది కట్లపాము అని కొట్టేస్తున్నారు. ఇది స్ట్రైప్డ్ కీల్‌బ్యాక్. విషం లేదు.

వీడియోలో వీపు చూడండి. పొడవునా రెండు పసుపు గీతలు, వాటికి అడ్డంగా నల్ల పట్టీలు. తోక వైపు పట్టీలు మాసిపోతాయి, గీతలు తేటపడతాయి. కట్లపాముకి పొడవు గీతలుండవు. నిగనిగలాడే నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల అడ్డపట్టీలే. అది రాత్రి తిరుగుతుంది, ఇది పగలు. (కట్లపాముల శాస్త్రీయ నామం ‘బంగారస్’ మన తెలుగు ‘బంగారు’ నుంచి వచ్చిందే!)

బెదిరితే మెడ చదును చేస్తుంది. పొలుసుల మధ్య నీలమో ఎరుపో బయటపడుతుంది. అది చూసి తాచుపిల్ల అనుకుంటారు.

ఇది ఎక్కువగా తినేది కప్పల్ని. పురుగుల్ని తినే కప్పల్ని ఇది తినేస్తే మనకి నష్టం కాదా అని అడుగుతున్నారు. నా లెక్క వేరే. కప్పలు బాగా ఉన్న చోటే ఇది ఉంటుంది. గుళికలు చల్లే మడిలో కప్పలకే బతుకు కష్టం, ఇక దీనికి తిండెక్కడిది?

గుర్తుపట్టడం దూరం నుంచే. చేత్తో పట్టొద్దు. ఏ పాము కరిచినా, అనుమానమున్నా, నాటు మందు జోలికి పోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.