టైరులో గాలి, బాటలో గాడి

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి లారీలు తిరిగే మట్టిబాట చెడిందంటే నింద బరువు మీదికే పోతుంది. బరువు తప్పేమీ లేదని కాదు గానీ, అది సగం లెక్కే. ఒక్కో టైరు మీద 2,500 కిలోలు పడుతోందనుకుందాం. అందులో గాలి చదరపు సెంటీమీటరుకు 7 కిలోలు, అంటే పంక్చరు షాపు లెక్కలో 100 పౌండ్లు ఉంటే, టైరు నేలకు ఆనే చోటు సుమారు 360 చదరపు సెంటీమీటర్లు. గాలి సగానికి దించితే ఆ చోటు ఇంచుమించు రెట్టింపవుతుంది. బరువు మారలేదు, పైపొర మీద నొక్కుడు మాత్రం సగమైంది. వాన వెలిసిన మర్నాడు నల్లరేగడిలో చూస్తే ఈ తేడా తెలుస్తుంది. గట్టి టైరు దిగబడుతుంది, కింది మట్టి రెండు పక్కలకూ ఉబ్బుతుంది, గాడిలో నీళ్లు నిలుస్తాయి, వెనక వచ్చే బండి తప్పుకోలేక అందులోనే పడుతుంది. గరుసు బాటయితే టైరు ఎగిరెగిరి పడి, అడ్డంగా వరసగా గతుకులు లేపుతుంది.

గాలి టైరుకు రాబర్ట్ థామ్సన్ 1845లోనే పేటెంటు తీసుకున్నా, అది వాడుకలో నిలిచింది 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు అమర్చిన తర్వాతే. మన పల్లెల్లోనూ ఇనుప పట్టా చక్రం పోయి టైరు బండి వచ్చాక ఎద్దుకు ఈడ్పు, బాటకు కోత రెండూ తగ్గాయి. కానీ తారురోడ్డుకు నప్పే గాలి ఇసుకకు నప్పదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు చేసిన 'డక్' అనే నీళ్లలో ఈదే లారీ దీనికి దారి చూపింది: డ్రైవరు సీట్లోంచి కదలకుండానే టైర్ల గాలి దించొచ్చు, ఎక్కించొచ్చు. సోవియట్ జిల్-157 లారీకీ అదే ఏర్పాటు ఉండేది. 1980లలో అమెరికా అటవీ శాఖ ఈ పద్ధతిని దుంగల లారీల మీద పరీక్షించింది. గాలి తగ్గించి నడిపిన చోట గాడులూ గతుకులూ తగ్గాయి.

గాలి తగ్గితే టైరు వేడెక్కి పగులుతుంది కదా అంటారు. నిజమే, తారురోడ్డు మీద వేగంగా పోతే. టైరు కంపెనీల పట్టికలు ఒక్కో గాలికీ ఇంత బరువు, ఇంత వేగం అని చెబుతాయి. గని బాట మీద నింపాదిగా పోయే బండికి ఆ వెసులుబాటు ఉంది, రోడ్డెక్కే ముందు మళ్లీ పట్టించాలి, అంతే. ఇంకో అభ్యంతరం బలమైనది. బాట లోపలి పొరలకు పోయేకొద్దీ గాలి సంగతి వెనకబడి, మొత్తం బరువుదే పైచేయి అవుతుంది. 1958–60లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో తారు, కాంక్రీటు రోడ్ల మీద చేసిన పరీక్షల్లో నష్టం ఇరుసు బరువుకు నాలుగో ఘాతంగా పెరిగింది. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5కు పెంచారు. ఆ లెక్కన నష్టం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మట్టిబాటకు ఈ ఘాతం అచ్చంగా వర్తించకపోవచ్చు. అయినా గాలి తగ్గించామన్న ధీమాతో అదనపు బరువు ఎక్కించడం కుదరదు, ఎందుకంటే తక్కువ గాలికి టైరు మోసేదే తక్కువ.

అసలు చిక్కు ఖర్చు దగ్గర ఉంది. అమెరికాలో ఆ అడవీ, బాటా ఒకే శాఖవి కాబట్టి లాభం లెక్క ఒకే పద్దులో తేలుతుంది. ఇక్కడ గాలి మార్చే పరికరానికి డబ్బు పెట్టాల్సింది లారీ యజమాని, దానివల్ల బాటలో మిగిలే గరుసు పంచాయతీది.