తప్పుతున్న నెల లెక్క
పీసీఓఎస్ ఉందంటే పిల్లలు పుట్టరని తీర్పు ఇచ్చినట్టు కాదు. వేళకు గుర్తిస్తే మామూలు మాత్రలతోనే చాలామంది తల్లులు కాగలరు. చిక్కంతా ఆలస్యంతోనే

ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో తేదీలు మరిచిపోయేవారు అరుదు. ప్రిలిమ్స్ ఎప్పుడు, మెయిన్స్ ఎప్పుడు, దరఖాస్తుకు ఆఖరి రోజు ఏది - బత్రా సినిమా చుట్టూ అల్లుకుపోయిన కోచింగ్ కేంద్రాలు, జిరాక్స్ దుకాణాలు, ఇరుకు పీజీ గదుల మధ్య బతికే సివిల్స్ అభ్యర్థులకు ఇవన్నీ కంఠతా వచ్చు. అమ్మాయిల్లో కొందరు లెక్క తప్పేది ఒక్క తేదీ విషయంలోనే: నెలసరి. రెండు మూడు నెలలు రాకపోయినా 'టెన్షన్ వల్లేలే' అని సరిపెట్టుకుంటారు. డాక్టర్ సంగతి పరీక్ష అయ్యాక చూసుకోవచ్చనుకుంటారు.

ఆ 'అయ్యాక' ఎప్పుడొస్తుందన్నదే ప్రశ్న. జనరల్ కేటగిరీ అభ్యర్థులు 32 ఏళ్ల వయసు వరకు, మొత్తం 6 సార్లు సివిల్స్ రాయవచ్చు. ఒక ప్రయత్నం నుంచి మరో ప్రయత్నానికి ఏళ్లు దొర్లిపోతాయి. హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కు చదివే అమ్మాయిలదీ ఇదే తీరు. పెళ్లయి, ఏడాది గడిచి, ఇంట్లో పెద్దవాళ్లు అడగడం మొదలుపెట్టాక గానీ చాలామంది ఆస్పత్రి గడప తొక్కరు. ఎప్పుడో బయటపడాల్సిన అండాశయ సమస్య అప్పుడు బయటపడుతుంది.

తిత్తులు కాని తిత్తులు
ఈ సమస్యల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే పీసీఓఎస్. మన దగ్గర పీసీఓడీ అన్న పేరే ఎక్కువ వాడుక. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానం కనే వయసులో ఉన్న మహిళల్లో 10 నుంచి 13 శాతం మందికి ఇది ఉంది. వారిలో 70 శాతం మందికి ఆ సంగతే తెలియకపోవచ్చు.

పేరు చూసి అండాశయంలో గడ్డలున్నాయని, ఆపరేషన్ చేయించుకోవాలని భయపడేవారు ఎందరో. నిజానికి స్కాన్‌లో ముత్యాల వరుసలా కనిపించేవి గడ్డలు కావు, పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన అండకోశాలు. మామూలుగా నెలకో కోశం పెద్దదై పగిలి అండం విడుదలవుతుంది. పీసీఓఎస్‌లో అది సగంలోనే ఆగుతుంది. అండం బయటకు రాదు, నెలసరి కూడా వాయిదా పడుతుంది.

ఎందుకిలా? చాలామందిలో శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినదు. దాంతో ఇన్సులిన్ మరింత ఎక్కువగా తయారవుతుంది. అది అండాశయాన్ని రెచ్చగొట్టి పురుష హార్మోన్లను పెంచుతుంది. గడ్డం మీద వెంట్రుకలు, మానని మొటిమలు, మెడ వెనుక నల్లటి మందపాటి చర్మం దీని గుర్తులే. వంశపారంపర్యం ప్రభావమూ ఉంది. భారతీయుల్లో సన్నగా కనిపించేవారికీ ఇన్సులిన్ సమస్య రావచ్చు కాబట్టి 'లావు లేను, నాకెందుకొస్తుంది' అనుకోవడానికి లేదు. గంటల తరబడి కుర్చీకి అతుక్కుపోవడం, మెస్ పరాఠాలు, అర్ధరాత్రి మ్యాగీ, నిద్రలేమి జబ్బును పుట్టించకపోయినా ముదరబెడతాయి.

ఇదేమీ కొత్తగా వచ్చిన జబ్బు కాదు. 1935లోనే షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ ఇలాంటి ఏడుగురు మహిళల గురించి రాశారు. అండాశయంలో కొంత భాగాన్ని కోసి తీసేయడమే అప్పటి చికిత్స. ఏడుగురికీ నెలసరి మళ్లీ మొదలైంది, ఇద్దరు గర్భం దాల్చారు. ఇప్పుడు అంత దూరం వెళ్లాల్సిన అవసరం చాలా అరుదు.

ఒక్క స్కాన్ చాలదు
నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్లు పెరగడం, స్కాన్‌లో ఎక్కువ కోశాలు కనిపించడం - ఈ మూడింటిలో రెండు ఉంటేనే పీసీఓఎస్‌గా నిర్ధారించాలన్నది 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు కుదుర్చుకున్న ప్రమాణం. స్కాన్ రిపోర్టులో 'పీసీఓ' అని రాసినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు అమ్మాయిలకు స్కాన్‌ను బట్టి ఈ ముద్ర వేయకూడదు కూడా.

థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు తప్పనిసరి. అవి అదుపు తప్పినా నెలసరి ఆగుతుంది. విపరీతమైన ఒత్తిడి, తిండి మానేసి బరువు కోల్పోవడం కూడా మెదడు నుంచి అండాశయానికి అందాల్సిన సంకేతాన్ని ఆపేస్తాయి. 'టెన్షన్ వల్ల' అన్న మాట కొందరి విషయంలో నిజమే కావచ్చు. అయితే అది తేల్చాల్సింది వైద్యులే. పెళ్లి కాలేదు కదా అని వదిలేయడమూ పొరపాటే. నెలల తరబడి నెలసరి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందంగా పేరుకుపోతుంది, కాలక్రమంలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మూడు నెలలకు మించి ఆలస్యమైతే డాక్టర్‌ను కలవాలి. నెలసరిని దారిలో పెట్టేందుకు ఇచ్చే గర్భనిరోధక మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరన్నది అపోహ మాత్రమే.

నిషేధం నుంచి మొదటి వరుసకు
చికిత్సలో మొదటి మెట్టు జీవనశైలి. అధిక బరువున్నవారు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల మెరుగవుతుంది. 70 కిలోలున్నవారికి అది మూడున్నర నుంచి ఏడు కిలోలే. మెట్‌ఫార్మిన్ ఇన్సులిన్ సమస్యకు పనిచేస్తుంది.

గర్భం కోరుకునేవారికి అండం విడుదల చేయించే మాత్రలు ఉన్నాయి. దశాబ్దాల పాటు క్లోమిఫీన్‌దే రాజ్యం. తర్వాత రొమ్ము క్యాన్సర్ మందు లెట్రోజోల్ రంగంలోకి వచ్చింది. బిడ్డకు హాని జరగవచ్చన్న ఆందోళనతో 2011 అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ సంతానలేమి చికిత్సలో దాని వాడకాన్ని నిషేధించింది. 2014లో అమెరికాలో 750 మంది పీసీఓఎస్ మహిళలపై జరిపిన అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మంది, క్లోమిఫీన్ వాడినవారిలో 19.1 శాతం మంది బిడ్డల్ని కన్నారు. పుట్టుకతో వచ్చే లోపాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. భారత్‌లో నిషేధాన్ని 2017లో ఎత్తేశారు. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు దీన్నే మొదటి మందుగా సూచిస్తున్నాయి.

మాత్రలు ఫలించకపోతే హార్మోన్ ఇంజెక్షన్లు, లాపరోస్కోపీతో అండాశయానికి సన్నటి రంధ్రాలు చేయడం తర్వాతి మార్గాలు. వేరే కారణాలేవీ లేనప్పుడు టెస్ట్‌ట్యూబ్ బేబీ విధానం వరుసలో చివరిది. పీసీఓఎస్ ఉన్నవారిలో ఇంజెక్షన్లకు అండాశయం అతిగా స్పందించి కడుపులో నీరు చేరే ప్రమాదమూ ఉంది. మొదటి సందర్శనలోనే లక్షల ప్యాకేజీ చూపిస్తే మరో వైద్యుల అభిప్రాయం అడగడం మేలు. సహాయక పునరుత్పత్తి సాంకేతికతల చట్టం-2021 ప్రకారం ఇలాంటి కేంద్రాలన్నీ రిజిస్టర్ చేసుకోవాలి. ఢిల్లీలో ఎయిమ్స్, హైదరాబాద్‌లో గాంధీ ఆస్పత్రి ప్రభుత్వ రంగంలో ఐవీఎఫ్ సేవలు అందిస్తున్నాయి.

వయసు ఆగదు
అండాశయ సమస్యలన్నీ పీసీఓఎస్ కావు. భరించలేని నెలసరి నొప్పి ఎండోమెట్రియోసిస్‌కు గుర్తు కావచ్చు. అది అండాశయంలో 'చాక్లెట్ సిస్టు'గా మారి అండాల నిల్వను తగ్గిస్తుంది. కొందరిలో 40 ఏళ్లలోపే అండాశయం పని ఆగిపోతుంది. మన దేశంలో జననేంద్రియాల క్షయ కూడా సంతానలేమికి ముఖ్య కారణం. ఇది ఎక్కువగా అండనాళాలను మూసేస్తుంది.

ఆడపిల్ల పుట్టేటప్పుడు అండాశయాల్లో పది నుంచి ఇరవై లక్షల అండాలుంటాయి. యుక్తవయసుకు మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. 35 దాటాక సంఖ్యా, నాణ్యతా వేగంగా పడిపోతాయి. నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ పరీక్ష సహజంగా గర్భం వస్తుందో రాదో చెప్పలేదు. అది తక్కువగా ఉందని బెంబేలెత్తనక్కర్లేదు. పీసీఓఎస్‌లో అది ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ అంకె చూసి ధీమా పడటానికీ లేదు.

పెళ్లయ్యాక ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే, దంపతులిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. నెలసరి మొదటి నుంచీ క్రమంగా లేనివారు అన్నాళ్లు కూడా ఆగకూడదు. భర్త వీర్య పరీక్ష చేయకుండా భార్యకు నెలల తరబడి మాత్రలు మింగించడం డబ్బుకూ, కాలానికీ దండగే. పెళ్లి ఇంకా దూరంలో ఉన్న అమ్మాయిలు చేయాల్సింది ఇంకా తేలిక: టైంటేబుల్ రాసుకునే డైరీలోనే నెలసరి తేదీ కూడా రాసుకోవాలి. డాక్టర్ మొట్టమొదట అడిగేది ఆ తేదీలే.