పచ్చిక పరచుటకు తగిన కార్తె

ఎన్.టి.ఆర్. జిల్లాలో జి. కొండూరు ప్రాంతమంతయు మామిడితోటలకు పేరుపొందినది. అక్కడి రైతు అంటుమొక్కను మండుటెండలలో నాటడు. తొలకరి కురిసి నేల తడిసిన పిమ్మటనే నాటును. బడి ఆవరణలో పచ్చిక పరచుటకును, కాలువగట్టుపై గడ్డి తాపుటకును ఇదే సూత్రము వర్తించును. కారణమేమో పరిశీలింతము.

పచ్చిక చెక్క అనగా సుమారు అంగుళము మందము మన్నుతో సహా కోసి తెచ్చిన గడ్డి. కోయునపుడు దాని వేళ్లలో పెక్కుభాగము పాతచోటనే నిలిచిపోవును. ఆకులు మాత్రము వెంటవచ్చును. ఆ ఆకులు యథాప్రకారము నీటిని ఆవిరిగా విడుచుచుండును. అందుకు సరిపడు నీటిని తెచ్చు వేళ్లు లేవు. రాబడి పడిపోయినను ఖర్చు తగ్గని సంసారము వంటిది దాని స్థితి. క్రొత్తవేళ్లు అడుగునేలలోనికి దిగువరకు ఆ చెక్క బ్రతుకునకు భరోసా లేదు.

కావున వేళ్లు త్వరగా పెరుగుటకు వెచ్చదనము, ఆకులు తక్కువ నీరు కోల్పోవుటకు తేమగాలి, రెండును ఒక్కసారి లభించు కాలము కావలెను.

ఇంగ్లండు వంటి చల్లని దేశములలోని పచ్చికగడ్డి 15–24 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద బాగుగా పెరుగును. అందుచే వారు శరత్తులోను, వసంతములోను పరచెదరు. మన గరిక అట్టిది కాదు. దానికి 27–35 డిగ్రీలు హితము. చెరకువలె గరికయు బొగ్గుపులుసు గాలిని ప్రత్యేక మార్గమున గ్రహించు జాతికి చెందినది. ఆ మార్గమును 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. కావున విదేశీ తోటపని పుస్తకములోని నెలలను మనము అనుసరింపరాదు.

రోహిణి కార్తెలో వెచ్చదనము మితిమీరును; వడగాలికి చెక్క ఎండిపోవును. పుష్యమాసపు చలిలో వేళ్ల పెరుగుదల మందగించును. మృగశిరలో నేలను దున్ని, రాళ్లు ఏరి, చదును చేసికొని, ఆరుద్ర, పునర్వసు కార్తెలలో, అనగా జూన్ చివర నుండి జూలై నడుమ వరకు, పరచుట మేలు.

బడి ఆవరణ వంటి సమతలమున కొన్ని వారములు ఆలస్యమైనను నష్టము స్వల్పము. గట్టు విషయము వేరు. జి. కొండూరు మండలములోని వెలగలేరు వద్దనే బుడమేరు నీటిని మళ్లించు రెగ్యులేటరు కలదు. 2024 ఆగస్టు చివర కురిసిన కుంభవృష్టికి మళ్లింపు కాలువగట్టు మూడుచోట్ల తెగి, విజయవాడలోని పలుపేటలు మునిగినవి. అంతటి వరదను గడ్డి ఆపజాలదు. కాని ఏటేటి వానలకు గట్టు చారలుచారలుగా కోసికొనిపోకుండ గడ్డి కాపాడును. ఆకులు చినుకు దెబ్బను తాము తీసికొనును. వేళ్లు మన్నును పట్టియుంచును.

వేరు దిగని చెక్క మాత్రము పరచిన చాప వంటిదే. నీరు దాని క్రిందకు దూరి, చెక్కను జార్చివేయును. చెక్క నేలను పట్టుకొనుటకు రెండుమూడు వారములు, గట్టిగా కుదురుకొనుటకు ఆరు నుండి ఎనిమిది వారములు పట్టును. లెక్కింపుడు: జూలై 5 నాటికి పరచినచో ఆగస్టు 30 నాటికి ఎనిమిది వారములు నిండును. ఆగస్టులో పరచినచో ఆ గడువు చాలదు. వాలుమీద చెక్కలను ఇటుకలవలె అతుకు తప్పించి పేర్చి, వెదురు మేకులు దిగగొట్టవలెను.

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. జానెడు చెక్కనొకదానిని జూలైలోను, అంతటిదే మరొకదానిని జనవరిలోను ఒకేచోట పరచి, ఎండిపోకుండ నీరు పోయుడు. పదునైదవనాడు ఒక మూలను మెల్లగా ఎత్తి చూడుడు. సులువుగా లేచినచో వేరు దిగలేదన్నమాట. తెల్లని క్రొత్తవేళ్ల పొడవును కొలబద్దతో కొలిచి వ్రాసికొనుడు. రెండు కొలతలను ప్రక్కప్రక్కన ఉంచినచో, ఏ కార్తె తగినదో గరికయే చెప్పును.